పందిని కోసే పొద్దున

పందిని కోసే పొద్దున వచ్చినవాళ్లకు ప్లమ్ సారా పోయడం ఆ క్రొయేషియా పల్లెలో మర్యాద. యగోద మాత్రం టీ పోసింది. భర్త స్తిపాన్ తాగుడు మాని ఏడు నెలలే అయింది.

"జబ్బు చేసినవాళ్లు తాగే టీ ఏంటి వదినా, మాకేమన్నా జ్వరమా?" అన్నాడు కసాయి జూకా.

"సారా మీ ఇంట్లో తాగండి మరిదిగారూ. ఇక్కడికి సీసా రాదు."

జూకా పందిని కోయకుండానే తన మనుషులతో వెళ్లిపోయాడు.

"వాళ్ల కోసమే కదా, ఒక్క సీసా తెద్దాం," అని స్తిపాన్ గొణిగాడు.

ఆమె వారం వారం తామిద్దరూ వెళ్లే తాగుడు మానినవాళ్ల క్లబ్బుకు ఫోన్ చేసింది. గంటలో మూడు కుటుంబాలు కత్తులతో దిగాయి.

వీధి జనం తొంగిచూస్తుంటే స్తిపాన్ గేటు మూయబోయాడు.

"తెరిచే ఉంచు," అంది యగోద. "తాగి పడిపోయినప్పుడు చూశారుగా, పని చేస్తుంటే కూడా చూడనీ."