కాలికి నొప్పి, ముఖానికి పౌడరు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, మనిషికొచ్చే ప్రతి కష్టానికీ ఒక కోడ్ ఉంటుందని గట్టిగా నమ్మేవాణ్ణి. చెట్టు మీద నుంచి పడితే ఒకటి, మంచం మీద నుంచి పడితే ఇంకొకటి. ఎడమకాలికి ఒకటి, కుడికాలికి వేరొకటి. కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రి, మెట్ల కింద ఇన్సూరెన్స్ డెస్క్, దాని వెనక నేను. డాక్టరు చేయబోయే పనికి సరైన కోడ్ వేసి, రిపోర్టులు జతచేసి కంపెనీకి పంపాలి. వాళ్లు సరేనంటేనే ఆపరేషన్. (కత్తి డాక్టరు చేతిలో ఉంటుందని లోకం అనుకుంటుంది. పిడి నా చేతిలో ఉందని నేననుకునేవాణ్ణి.)

ఒకరోజు బనగానపల్లె వైపు నుంచి ఒక పెద్దాయనను తెచ్చారు. మామిడిచెట్టు మీద నుంచి పడి కుడి తొడ ఎముక విరిగింది. తెల్లారి ఆపరేషన్ అన్నారు డాక్టరుగారు. చెట్టు, కుడి, తొడ అన్నీ సరిచూసి కోడ్‌లు వేశాను. మిగిలింది మంచం మీద రోగి ఫోటో. అది కంపెనీ నియమం.

ఫోటోకని ఫోను ఎత్తగానే పెద్దాయన, "రోంతసేపు ఉండప్పా" అన్నాడు. భార్య సంచిలోంచి ఇస్త్రీ చొక్కా, దువ్వెన, పౌడరు డబ్బా తీసింది. నడుము కింద రోగి అలాగే ఉన్నాడు. నడుము పైన పెళ్లికొడుకు తయారయ్యాడు.

సాయంత్రానికి కంపెనీ జవాబొచ్చింది: "ఫోటోలో రోగి ఆరోగ్యంగా ఉన్నారు. ఆపరేషన్ అవసరమేమిటో వివరించగలరు." ఎక్స్‌రేలో ఎముక రెండు ముక్కలై స్పష్టంగా కనిపిస్తోంది. కానీ ఎముకకు ముఖం లేదు కదా! ఈసారి వాచిన కాలు మాత్రమే ఫోటో తీసి పంపాను. "ఈ కాలు ఎవరిదో తెలియడం లేదు" అన్నారు.

మళ్లీ మంచం దగ్గరికెళ్లాను. "పెద్దాయనా, కొంచెం నొప్పిగా ముఖం పెట్టండి."

"నొప్పి కాలికి గదప్పా. మొగమేం జేసింది?"

"వాళ్లు నమ్మడం లేదు. వాళ్లు ఒప్పుకోకపోతే రేపు ఆపరేషన్ ఉండదు."

"ల్యాకపోతే పోనీ. పోటోలో ఏడ్సినోడు మా వంశంలోనే ల్యాడు. రేపు నేను పోతే గోడకు ఏసేది ఈ పోటోనే అయితే?"

భార్య నన్ను పక్కకు జరిపింది. "నువ్వు ఫోను పట్టుకోని ఉండు నాయనా." ఆయన చెవి దగ్గర వంగి, "సెప్పేది మర్సిపోయినా. మన బోరు మోటరు నీ తమ్మునికి ఇచ్చినా" అంది.

ఆ ముఖంలో అప్పుడు కనిపించిన బాధకు నా పుస్తకాల్లో కోడ్ లేదు. ఫోటో తీసేశాను.

"ఎవర్నడిగి ఇచ్చినావే!"

"యాడిచ్చినా? ఇయ్యలేదులే. పండుకో."

అనుమతి వెంటనే వచ్చింది. తెల్లారి ఆపరేషన్ అయింది.

మొన్న నాకే పిత్తాశయంలో రాళ్లని తేలింది. అదే ఆసుపత్రి, అదే డెస్క్, నా దగ్గర పనితోపాటు ఆ పెద్దాయన కథా విన్న సహోద్యోగి. మెలికలు తిరుగుతున్నవాణ్ణి, అతను ఫోటోకని ఫోను ఎత్తగానే మా ఆవిడను దువ్వెన అడిగాను. అతను ఓపిగ్గా ఫోను దించి, "సార్, మీకు తమ్ముళ్లున్నారా?" అన్నాడు.

నవ్వాపుకోలేకపోయాను. సరిగ్గా అప్పుడే అతని వేలు ఫోను మీద పడింది. ఆ ఫోటోకు కంపెనీ ఏం అడుగుతుందో నాకు తెలుసు. జవాబు ఆ పెద్దాయన ఎప్పుడో చెప్పేశాడు: "మొగమేం జేసింది?" దానికి కోడ్ వేయడమే నాకింకా రాలేదు.