కోటు జబ్బలో రూపాయి

వేట ప్రయాణమంటే మగవాళ్ళు డేగను చేతిమీద పెట్టుకుని ఫొటోలు దిగడమే అనుకుంటారు చాలామంది. దాని వెనక చాకిరీ ఎంతుంటుందో నన్నడగండి. ఎనభైల చివర రిగ్గైలో ఒక కువైటీ ఇంట్లో నేనూ మా చిన్నమ్మా పనిచేసేవాళ్ళం. నేను వంటకు, ఆమె పిల్లలకు. చలికాలం రాగానే ఆ ఇంటి యజమాని, మేము బాబా అని పిలిచేవాళ్ళం, తమ్ముళ్ళతో కలిసి ఎడారిలోకి వేటకు బయలుదేరేవాడు. వాళ్ళ తాతలు గుర్రాల మీద, ఒంటెల మీద సామాను వేసుకుని పోయేవారట. మా కాలానికి రెండు పికప్ బండ్లు వచ్చాయి. మోసేవి మారాయి గానీ సర్దేవాళ్ళం మేమే. బియ్యం బస్తా, నెయ్యి డబ్బా, ఖర్జూరాలు, కాఫీ గింజలు, గుడారం, నీళ్ళ పీపాలు, కట్టెలు. ఒక్క ఉప్పు పొట్లం మరిచిపోయినా తిరిగొచ్చాక తిట్లు తినేది మేమే.

ఆ ఏడు బాబా పెద్దకొడుకు మొదటిసారి వెళ్తున్నాడు. మూతిమీద నూగుమీసం అప్పుడప్పుడే వస్తోంది. తప్పటడుగుల నాటినుంచి వాడిని పెంచింది మా చిన్నమ్మే. కడపలో ఉన్న సొంత కొడుకుకన్నా వాడికే ఎక్కువసార్లు అన్నం తినిపించింది. అంతకుముందు చలికాలం పక్కింటి పిల్లవాడు వేటకు పోయి, బండి బోల్తాపడి కాలు పోగొట్టుకున్నాడు. వీడూ వెళ్తాడని తెలిసిన దగ్గర్నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు.

ప్రయాణం రోజు మధ్యాహ్నం నేను కాఫీలోకి ఏలకులు దంచుతున్నాను. చిన్నమ్మ వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరకు వేసింది.

"పాపా, బిడ్డకు ఇమాంజామీను పెట్టినా" అంది.

మా ఇళ్ళల్లో ఎవరైనా దూరం వెళ్తుంటే పచ్చగుడ్డలో ఒక రూపాయి చుట్టి కుడి జబ్బకు కడతారు. ప్రవక్త వంశపు ఇమామ్ సాబు ఆ మనిషికి జామీను ఉంటాడని నమ్మకం. క్షేమంగా చేరాక ఆ రూపాయిని బీదవాళ్ళకు ఇచ్చేయాలి.

"యాడ పెట్టినావు? వాడు కట్టించుకున్న్యాడా?"

"వాడా? నగుతాడు. చలికోటు జబ్బలో, తోలుకూ గుడ్డకూ నడాన కుట్టినా. ఎవురికీ కనపడదులే."

రోకలి పట్టిన నా చెయ్యి ఆగిపోయింది. "చిన్నమ్మా, వీళ్ళల్లో అది లేదు. చూస్తే చేతబడి అంటారు."

"ఏం మాట్లాడతావు మే? వాళ్ళూ మన మాదిరి ముసల్మానులే గదా."

అదీ ఆమె లెక్క. అల్లా ఒక్కడే, నమాజు ఒక్కటే, కాబట్టి జామీనూ ఒక్కటే. నాకు ఒళ్ళు మండింది, భయమూ వేసింది. అబూ హలీఫాలో ఒక ఇంట్లో పనిచేసే రాయచోటి ఆమె దిండు కింద ముడులేసిన దారం దొరికింది. సిహ్ర్ అన్నారు, అంటే మంత్రం పెట్టడం. పోలీసులు తీసుకెళ్ళారు. జైల్లోంచి నేరుగా విమానం ఎక్కించారని విన్నాం, బట్టలమూట కూడా చేతికి ఇవ్వలేదట. చిన్నమ్మ పాస్‌పోర్టూ నాదీ బాబా అల్మారాలోనే ఉన్నాయి.

కోటు అప్పటికే పైన మామా గదికి చేరింది. బాబా భార్యను మేము మామా అనేవాళ్ళం. ప్రయాణం బట్టలకు మామా స్వయంగా సాంబ్రాణి పొగ పట్టిస్తుంది. నేను సూదీదారం పట్టుకుని మెట్లెక్కాను. ఆమె ధూపం గిన్నె మీద కోటు పరిచి కూర్చుని ఉంది.

"మామా, బొత్తాం వదులైంది. కుట్టి తెస్తాను."

"తర్వాత" అంది.

ఒక చెయ్యికి పొగ పట్టించి రెండోది తిప్పింది. ఆమె వేళ్ళు జబ్బ దగ్గర ఆగాయి. మళ్ళీ తడిమాయి. ఆమె నా వైపు చూసింది, నా చేతిలో సూదిని చూసింది.

బాబాను కేకేసింది. కత్తెరతో లోపలి గుడ్డ చీల్చగానే పచ్చగుడ్డ ముడి కిందపడింది. మామా వెనక్కి జరిగి ఏవో ఖురాన్ ఆయత్‌లు చదవడం మొదలుపెట్టింది. తాను పట్టే పొగ దిష్టికి మంచిదట, మేము కట్టే గుడ్డ మాత్రం సైతాను పనట. కోటు కోసం పైకి వచ్చిన కొడుకు గుమ్మంలోనే నిలబడిపోయాడు. కింద చిన్నాన్నలు బండ్ల హారన్లు కొడుతున్నారు.

"ఎవరు కుట్టారు? చెప్పకపోతే పోలీసులను పిలుస్తాను" అన్నాడు బాబా, నా సూదినే చూస్తూ.

నేను నోరు తెరిచేలోపే చిన్నమ్మ లోపలికి వచ్చింది. "నేనే బాబా" అంది.

ఇక చెప్పాల్సింది నేను. నా అరబ్బీ వంటింటి అరబ్బీ. ఉప్పు, బియ్యం, త్వరగా, ఖలాస్. ఇమామ్ జామీను ఉండటమంటే ఎలా చెప్పను? ప్రయాణం అన్నాను, క్షేమం అన్నాను, తిరిగొచ్చాక బీదవాళ్ళకు సదఖా, అదే దానం, అన్నాను. అన్నమాటే మళ్ళీ మళ్ళీ అన్నాను. కొడుకు ఒక్క మాట అంటే చాలు, ఈమె నాకు కీడు చేయదు అని. వాడు నేల చూస్తూ ఉన్నాడు. వాడి చెంప పగలగొట్టాలనిపించింది నాకు.

బాబా వంగి ముడి విప్పాడు. కాగితం లేదు, వెంట్రుకలు లేవు. రూపాయిని అటూ ఇటూ తిప్పి చూశాడు. మెల్లగా మొహం మారింది.

"ఇది హిందీ రూపాయి, మీ ఇండియాది. నా చిన్నప్పుడు ఇక్కడ నడిచింది ఇవే. వీటితోనే మిఠాయి కొనుక్కునేవాణ్ణి" అని నవ్వాడు.

మామా నవ్వలేదు. "పేదలకైతే ఇప్పుడే ఇచ్చెయ్యి. నా ఇంట్లో వద్దు" అంది.

"ఇప్పుడు కువైట్‌లో దీన్ని ఏ పేదవాడు తీసుకుంటాడు?" అంటూ బాబా చుట్టూ చూశాడు. చూపు మా చిన్నమ్మ మీద ఆగింది. రూపాయి ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వు తీసుకో, నీకు పనికొస్తుంది. సదఖా అయిపోయింది. ఖలాస్."

మంచిపనే చేశాననుకున్నాడు. కొడుకు చిరిగిన కోటు తొడుక్కుని మా పక్కనుంచే దిగిపోయాడు. యల్లా యల్లా అని కేకలు వినిపించాయి, బండ్లు కదిలాయి.

వంటింట్లోకి రాగానే నాకు ఏడుపు ఆగలేదు. గండం గడిచింది కదా, ఆ సంతోషం. కోపం ఆ తర్వాత వచ్చింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. ఇక్కడ అత్త సొమ్ము అత్తకే దానం చేశారు, తీసుకుని తలకూడా వంచింది. ఆ మాటే అన్నాను ఆమెతో. జైలు తప్పిందని నన్ను సముదాయిస్తుందనుకున్నాను. చిన్నమ్మ నా మాట విననేలేదు. పిండి బస్తా మీద కూలబడి అరచేతిలోకి చూసుకుంటోంది.

"వాడు తిరిగొచ్చినాక ఇయ్యాల్సింది పాపా. పోకముందే ఇచ్చేసిరి. ఇంగ బిడ్డకు జామీను ఎవురుండారు?"