మాయాబందర్ నుంచి వచ్చిన కోడ్

2013. పోర్ట్‌బ్లెయిర్‌లో, ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ఐస్ ఫ్యాక్టరీలకు లెక్కల ప్రోగ్రామ్ రాసేవాళ్లం. ప్రోగ్రామ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో రాసి ఉంచే ఏర్పాటును వెర్షన్ కంట్రోల్ అంటారు. మాది సబ్‌వర్షన్ అనే రకం. మార్పును అందులో ఎక్కించడమే కమిట్. అలా ఎక్కించాలంటే ఆఫీసు సర్వర్‌తో లైన్ కలవాలి. అప్పట్లో మా ఇంటర్నెట్ అంతా శాటిలైట్ మీదే. గట్టిగా మబ్బు పట్టిందా, ఉత్తరాన ఎక్కడో ఉన్న మాయాబందర్ మాకు చంద్రమండలమే.

అక్కడ ఇంటి నుంచే పనిచేసే సుగుణ కాంట్రాక్టు ఉద్యోగి. లైన్ దొరక్క, తను రాసిన కోడ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపేది. దాన్ని నేను నా లాగిన్‌తో కమిట్ చేసేదాన్ని. రెండేళ్లు ఇలాగే నడిచింది, ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు.

ఆ ఏడాది గిట్ అనే ఇంకో వెర్షన్ కంట్రోల్‌కి మారదామన్నారు మేనేజర్ గారు. గిట్‌లో అయితే లైన్ లేకపోయినా సొంత కంప్యూటర్‌లోనే కమిట్ చేసుకోవచ్చు. దీవుల్లో ఉండేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి! సరిగ్గా అప్పుడే సుగుణ కాంట్రాక్టు పొడిగించే సమయం వచ్చింది. మేనేజర్ గారు సబ్‌వర్షన్‌లో ఆమె పేరు వెతికారు. ఒక్క కమిట్ కూడా లేదు.

"రెండేళ్లుగా ఈ అమ్మాయి చేసిందేంటమ్మా?"

నాకు ఒళ్లు మండింది. "చేసిందంతా నా పేరు మీద పడింది సార్!"

"నోటిమాట ఓనర్ వింటారా? అయినా పాత చరిత్ర మనకెందుకు? చివరి కోడ్ ఒక్కటి గిట్‌లోకి తెచ్చెయ్, చాలు."

సుగుణకు ఫోన్ చేశాను. "ఈ నౌక్రీ పోతే ఇక్కడ ఇంకోటి కహాఁ మిలేగా దీదీ, ఎక్కడ దొరుకుతాది? దానికన్నా, నేనేం చెయ్యనేదన్నారంట కదా, ఆ మాటకే ఏడుపొస్తంది," అంది.

"ఏడుపు తర్వాత. ముందు లాప్‌టాప్ పట్టుకుని బస్సెక్కు."

గిట్‌లో రాసినవాళ్లను ఆథర్ అని, ఎక్కించినవాళ్లను కమిటర్ అని వేరువేరుగా గుర్తుపెడతారు. సబ్‌వర్షన్‌లో ఒక్క పేరుకే చోటు. సుగుణ లాప్‌టాప్‌లోని పాత ఫైళ్లను నా కమిట్లతో పోల్చి చూసుకుంటూ, ఆమె రాసినవాటికి ఆథర్‌గా ఆమె పేరు పెట్టి గిట్‌లోకి మార్చాం. ఒకచోట స్టాక్ లెక్క ఎంత చక్కగా రాశానో అని మురిసిపోతున్నాను.

"సారీ దీదీ, అది కూడా నాదే."

"ఓసి నీ అసాధ్యం కూలా!" అని ఇద్దరం పడి పడి నవ్వాం.

పాత ఫైళ్లు, కొత్త గిట్ పక్కపక్కన పెట్టి మేనేజర్ గారికి చూపించాం. ఆయన నా పేరు మీద మిగిలినవి లెక్కపెట్టి, "నీ పని సగానికి పడిపోయిందేమిటమ్మా!" అన్నారు.

"నాది కానిది పోతే నాకేం నష్టం సార్?"

ఆయన కాంట్రాక్టు మీద సంతకం పెట్టారు. సుగుణ మాత్రం స్క్రీన్ ముందు నుంచి కదల్లేదు. "ఫోటో తీసుకోనా దీదీ? రోజంతా ఆ డబ్బా ముందు ఏం చేస్తన్నావే అని అడుగుతాది మా అమ్మ. చూపిస్తాను." ఆమె పేరున్న వరుసల్ని స్క్రీన్ మీద పెద్దవి చేశాను.

అప్పటి నుంచి ఎవరి కోడ్ నా చేతికొచ్చినా, అది పనిచేస్తుందా లేదా అని తర్వాత చూస్తాను. ఎవరు రాశారని ముందు అడుగుతాను.