పరగడుపు పొగ

ముందు తుమ్ము వినిపించింది. వెనకే గేటు ఊచల మీద స్పానరు లాగిన చప్పుడు, మెట్ల మీంచి గిన్నెలు దొర్లినట్టు. వీధి ఇంకా బూడిదరంగులోనే ఉంది. దీపాలు ఆర్పడం ఎవరో మరిచిపోయారు.

"లేచారా, లేపమంటారా?" అంది గొంతు.

ఆ తర్వాతే మనిషి కనిపించాడు. ఇస్త్రీ చొక్కా, నల్లరంగు దట్టంగా పట్టించిన జుట్టు, జేబులోంచి తొంగిచూస్తున్న తెల్ల రుమాలు. ఆయన బాగుచేసేది పాత మోటారు సైకిళ్ళని. వీధి మాత్రం డాక్టరు అంటుంది. ఎందుకంటే ఏ బండినైనా ఆయన పరగడుపునే చూస్తాడు. రాత్రంతా చల్లారిన ఇంజను పొద్దున్నే మొదటిసారి కళ్ళు తెరిచి వదిలే పొగలోనే దాని రోగమంతా ఉంటుందని ఆయన సిద్ధాంతం. ఎవరైనా ఎండెక్కాక బండి నడుపుకుంటూ షెడ్డుకు వెళితే సైలెన్సరుకు చెయ్యి దగ్గరగా పెట్టి చూసి, "కాఫీ తాగించి తెచ్చావు, తీసుకుపో" అని పంపేస్తాడు.

అందుకని ఆయనే ఇళ్ళకు వస్తాడు, తెల్లారీ తెల్లారకముందే. దాంతో బళ్ళ సంగతులతోపాటు ఇళ్ళ సంగతులూ ఆయనకు చిక్కాయి. ఎవరింట్లో ఎవరు వరండాలో పడుకున్నారో, ఏ పెద్దమనిషి పళ్ళసెట్టు పెట్టుకోకముందు ఎలా ఉంటాడో అన్నీ తెలుసు. ఒక్కటీ బయటపెట్టడు. కాకపోతే ఎదురుపడినప్పుడు నవ్వుతాడు. జనానికి ఆ నవ్వంటేనే భయం.

అప్పట్లో నేను పిన్నీ బాబాయిల ఇంట్లో ఉండి ఉద్యోగం చేసుకునేదాన్ని. బాబాయికి పెళ్ళికి ముందు కొన్న బండి ఒకటుండేది. పొద్దున్నే స్టార్టు చేస్తే దాని వెనకనుంచి నీలిమబ్బొకటి లేచి, నిమ్మళంగా పెరడు దాటుతూ, పిన్ని ఆరేసిన బట్టల్ని పేరుపేరునా పలకరించి వెళ్ళేది. పిన్ని చివరికి తేల్చిచెప్పేసింది. ఇంజను విప్పాల్సిందేనని డాక్టరు అన్నాడో, బండి పాతసామాన్లవాడికి పోతుంది. అప్పటినుంచీ బాబాయి కంచంలో అన్నం కెలికి లేచిపోతున్నాడు.

ఆ పొద్దున డాక్టరు మా గేటు తోసుకుని సరాసరి వెళ్ళి ఇంజను మీద అరచెయ్యి వేశాడు. వేసి, బాబాయి వంక తిరిగాడు.

"రాత్రి దీనికి జ్వరమేమైనా తగిలిందా మాస్టారూ?"

బాబాయి ఆకాశంలోకి చూశాడు. "ఉక్కగా ఉంది కదండీ."

"ఉక్కకి స్వెట్టరేసుకున్నారా?"

వంటింటి కిటికీలోంచి పిన్ని గొంతు వచ్చింది. "చీకట్లోనే లేచి స్టార్టు చేసి ఆపేశారండీ. నేను నిద్రపోతున్నాననుకున్నారు. దుప్పటి తియ్యలేదంతే."

పొగంతా ముందే వదిలించేసి, కడిగిన ముత్యంలాంటి బండిని చూపిద్దామని బాబాయి పథకం. డాక్టరు తాళంచెవి లాగి జేబులో వేసుకున్నాడు.

"ఇది నా దగ్గరుంటుంది. రాత్రికి బండిని పెందలాడే పడుకోబెట్టండి. మీరు కూడా."

మర్నాడు ఇంజను రాయిలా చల్లగా ఉంది. డాక్టరు రుమాలు విప్పి సైలెన్సరు ముందు పట్టుకున్నాడు. అలా మచ్చలుపడ్డ రుమాళ్ళు ఆయన ఇంట్లో ఒక పెట్టెకు సరిపడా ఉన్నాయట. వాళ్ళావిడ ఉతకనని మొండికేసింది. ఆయన పారెయ్యనని మొండికేశాడు.

బాబాయి కిక్కు కొట్టాడు. మబ్బు లేచింది, ఎప్పటికన్నా నిండుగా, పరీక్ష సంగతి తెలిసినట్టు. డాక్టరు రుమాలు వాసన చూసి, దాని మీది జిడ్డు చుక్కలు మాకు చూపించాడు.

"తెల్లగా వచ్చి కరిగిపోతే, సైలెన్సరులో చేరిన చెమ్మ. భయంలేదు. నల్లగా వస్తే పెట్రోలు అతిగా తాగుతోందని. ఇది నీలం, అంటే నూనె కాలుతోంది. లోపల నూనెని ఆపే వాల్వు సీళ్ళు అరిగిపోయి రాత్రంతా బొట్టుబొట్టుగా కారుతోంది. విప్పాల్సిందే."

తీర్పు చెప్పి, తనే మెచ్చుకుంటున్నట్టు తలాడించాడు. బాబాయి ట్యాంకు మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు. పిన్ని ఫోను చేతిలోకి తీసుకుంది కానీ ఎవరికీ చెయ్యలేదు.

"నూనె ఎన్నాళ్ళకోసారి పోస్తున్నారు?" డాక్టరు మాటవరసకి అడిగాడు.

"రోజూనండీ."

"రోజూనా?"

"రోజూ చూస్తాను. ఖాళీగానే ఉంటుంది. పోస్తాను." బాబాయి గోడ పట్టుకుని సగం వంగి, ఇంజను కుడిపక్కన నూనె మట్టం తెలిసే చిన్న గాజుబిళ్ళ చూపించాడు. "చూడండి, ఇప్పుడూ చుక్క లేదు."

బండి పక్క స్టాండు మీద, ఎడమకి ఒరిగి ఉంది. డాక్టరు ఒకసారి స్టాండుని, ఒకసారి గాజుబిళ్ళని చూశాడు. తర్వాత బండిని పట్టుకుని ఒక్క ఊపున పెద్ద స్టాండు మీదికి ఎక్కించాడు. కాసేపటికి గాజుబిళ్ళ వెనక నల్లటి నూనె పైకి పాకి, గీతలు దాటి, అంచుదాకా మూసేసింది.

"ఒరిగి నిలబడితే నూనంతా అవతలి పక్కకి పోదుటండీ? మీరేమో లేదు లేదని పోసి పోసి దీనికి పీకలదాకా పట్టించారు. అది కక్కుకుంటోంది. కక్కింది గాలిగొట్టంలోంచి మంటలోకి పోయి కాలుతోంది."

"మరి ఇందాక సీళ్ళన్నారు?" అన్నాను.

"ఎవరన్నారు?" అన్నాడు డాక్టరు.

కింద పళ్ళెం పెట్టి, ఎక్కువైన నూనె వదులుతూ అడిగాడు. "ఇంతకీ పెద్ద స్టాండు ఎందుకు వెయ్యరు?"

"మర్చిపోతుంటానండీ," అన్నాడు బాబాయి. ఆయన చెయ్యి మాత్రం ఆయనకు తెలియకుండానే నడుం మీదికి పోయింది. డాక్టరు చూశాడు. నేనూ చూశాను. పిన్ని గుమ్మంలోనే ఉంది.

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఈ మోడలుతో ఒక చిక్కుంది. పెద్ద స్టాండు ఒక్కరే ఎత్తితే చట్రం వంకరపోతుంది. ఇద్దరు పట్టాలి. కంపెనీవాళ్ళే అలా చేశారు."

"ఇందాక మీరొక్కరే ఎత్తారుగా?"

"నాకు చెయ్యి తిరిగింది లెండి."

"ఎందుకండీ అంత అవస్థ," అంది పిన్ని. "ఆయన నడుం పట్టేసి నెలలైంది. పొద్దున్నే కిటికీ ఊచ పట్టుకుని గానీ లేవరు. ఆ నడుంతో ఏ మలుపులో పడతారోనని అమ్మేద్దామన్నాను. నడుం మాట ఎత్తితే, నన్ను ముసలాణ్ణి చేశావా అంటారు. అందుకని పొగ పేరు చెప్పాను."

బాబాయి తీగ మీది బట్టల వైపు తిరిగాడు. "మరి బట్టలు కంపన్నావు?"

"అదీ నిజమే."

"అయితే అమ్మేయి," అన్నాడు బాబాయి, మాకు వినపడీ వినపడకుండా.

పిన్ని మెట్లు దిగి వచ్చింది. కొంగు దోపుకుని, బండి వెనక కడ్డీ పట్టుకుంది. "ముందు దించండి డాక్టరుగారూ. నాకు ఎత్తడం వస్తుందో రాదో చూస్తాను."

మొదటిసారి బండి జారింది. రెండోసారి ఊగింది.

"మీరు పట్టుకున్నట్టు నటిస్తున్నారు," అంది పిన్ని.

"అంతా నువ్వే లాగేస్తే నాకేం మిగులుతుంది?"

మూడోసారి ఠక్కుమని నిలబడింది. పిన్ని చేతులు దులుపుకుని, "బయటికి తీస్తే వెనక సీట్లో నేనుంటాను. మలుపుల్లో నేను చెప్పినట్టు నడపాలి," అంది. బాబాయి ఒప్పుకున్నాడు. ఆ మధ్యాహ్నం కంచం ఖాళీ చేశాడు.

ఆ మర్నాడు మళ్ళీ పరగడుపు పరీక్ష. ఈసారి మబ్బు లేదు. సైలెన్సరు చివర నీలంగా ఒక దారప్పోగు ఊగి, దిక్కు తోచనట్టు నిలబడి, మాయమైంది. పిన్ని తీగ మీది తువ్వాలు వాసన చూసి, దాన్ని మడతపెట్టుకుని లోపలికి పోయింది.

డాక్టరును గేటుదాకా సాగనంపుతూ, ఆ దారప్పోగు ఏమిటని అడిగాను. ఆయన వెనక్కి తిరిగి, బాబాయి కూడా లోపలికి వెళ్ళాడని చూసుకుని, గొంతు తగ్గించాడు.

"సీళ్ళు కూడా అరిగాయి అమ్మడూ, నేను పొరబడతానా? ఇంకో చలికాలం లాగుతాయిలే. ఈలోగా ఇద్దరికీ కలిసి ఎత్తడం అలవాటవనీ, అప్పుడు చెబుతాను."