గుట్ట మీద బండ

ఇయ్యాల పొద్దుగాల తార్నాకల తోపుడు బండి మీద సీతాఫలాల వాసన తగలంగనే నాకు నోరూరలే, కోపమొచ్చింది. ఒక్కటే కొన్న.

క్వార్టర్స్ దోస్తులారా, యాదికున్నదా, సెలవులల్ల యూనివర్సిటీ క్యాంపస్ నుంచి పోయి గుట్ట చుట్టూ తిరిగొచ్చుడు? నాకు ఎనిమిదేండ్లున్నప్పుడు తోవల కాలు బెణికితే, మనందరికి పెద్దోడు శీనన్న నన్ను ఓ బండ మీద కూసోబెట్టి, నా చేతుల సీతాఫలం పెట్టి, "గీడనే కూసో, మళ్లొచ్చేటప్పుడు తీస్కపోతం" అన్నడు. చుట్టు తోవల పోయినోళ్లు అటునుంచి అటే ఇంటికి పోతరని నాకేం ఎరుక? మాపటిదాంక ఆ బండ మీదనే కూసున్న. నాయిన లాంతరు పట్టుకొని వచ్చిండు.

ఇయ్యాల పాత బ్యాచంతా మళ్ల పోయినం. అదే బండ కాడ శీనన్నకు మోకాలు పట్టేసింది. సంచిలకెళ్లి సీతాఫలం తీసి ఆయన చేతుల పెట్టిన.

"గీడనే కూసో అన్నా, మళ్లొచ్చేటప్పుడు తీస్కపోతం."