ఇరవయ్యేడో మడిలో పచ్చదనం

ఊరి చివరి రెండెకరాలను ముప్పయ్యేళ్లు కౌలుకు దున్నినవాణ్ణి ఇప్పుడందరూ ‘ఇరవయ్యేడు’ అంటున్నారు. ఆ పొలంలో ఇళ్లు లేవకుండా కాపాడాలని కాలనీవాళ్లు సంఘం పెట్టి, దాన్ని రెండువందల మడులుగా కోసి, చీటీలు తీసి పంచుకున్నారు. ఆశయం గొప్పది, కాదనడానికి నోరు రాదు. చీటీలో ఆయనకు దక్కింది ఇరవయ్యేడో మడి. పది మంచాలు వేస్తే నిండిపోతుంది.

సంఘానికి అధ్యక్షుడు పళ్ల డాక్టరు. నిబంధనలు ముప్పయ్యెనిమిది. పదకొండోదాని ప్రకారం, తనిఖీనాడు పచ్చదనం కనబడని మడిని స్వాధీనపరచుకుని వెయిటింగ్ లిస్టులోని వారికి ఇవ్వవలెను.

మండువేసవిలో ఇరవయ్యేడు తన మడిని గడ్డపారతో తిరగేసి ఎండకు వదిలేశాడు. అడుగున తుంగ గడ్డలున్నాయి. పైకి తీసి మాడిస్తే తప్ప ఆ కలుపు చావదు. తనిఖీకి వచ్చిన డాక్టరు ఆ నేలను, నోరు తెరిచిన పేషెంటును చూసినట్టు వంగి చూశాడు.

“ఇక్కడేమీ లేదేంటండీ?”

“ఎండబెడుతున్నానండీ. తొలకరి దాకా ముట్టుకోకూడదు.”

“రూలు ప్రకారం పచ్చగా ఉండాలి కదా.”

“డాక్టరుగారూ, పన్ను పీకినరోజే అక్కడ ఇంకోటి మొలవమంటే ఎలాగండీ?”

“కట్టుడుపన్ను పెట్టేస్తాం,” అన్నాడు డాక్టరు, నవ్వకుండానే. పక్కనున్న కార్యదర్శి అదీ రాసుకున్నాడు. పద్నాలుగు రోజుల గడువిచ్చారు.

ఆ ఎండలో విత్తు వేస్తే వేగిపోతుంది. వేయకపోతే మడి పోతుంది. మడి పోతే గేటు లోపల కాలుపెట్టే హక్కే ఉండదు. మూడురోజులు ఆయనకు అన్నం సయించలేదు. నాలుగోరోజు పొద్దున్నే బిందెతో ఖాళీ మడికి నీళ్లు పోయసాగాడు.

“విత్తనాలేవీ?” అంది భార్య.

“లోపలే ఉన్నాయిగా.”

ఆవిడకు అర్థమవడానికి క్షణం పట్టింది. “తుంగకా! నడుం విరిగేలా ముప్పయ్యేళ్లు పీకించావు కదయ్యా నాచేత! ఇప్పుడు పిలిచి మరీ నీళ్లు పోస్తావా?”

“మెల్లిగా అనవే. కార్యదర్శి రాసుకోగలడు.”

పన్నెండోరోజుకు మడి నిగనిగలాడింది. గడువునాడు డాక్టరు ఒక పోచను నిమిరి, “చూశారా, మనసుపెడితే ఎందుకు రాదూ!” అన్నాడు. ఇరవయ్యేడో మడిని ఆదర్శ మడిగా ప్రకటించారు. చప్పట్లయ్యాక చుట్టుపక్కల మడులవాళ్లు వచ్చి తమకూ కాస్త విత్తనం ఇమ్మన్నారు.

“ఇవ్వక్కర్లేదండీ,” అన్నాడాయన నీరసంగా. “రెండు వానలు పడనివ్వండి. మీ మడుల్లోకి అదే వస్తుంది.”