ఆవిరి వెనక ముఖం

మా అన్నయ్య ముమ్మూర్తులా మా నాన్నే. మా లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ మిషన్ పెడల్‌ని రెండుసార్లు మెల్లగా, ఒకసారి గట్టిగా తొక్కుతాడు. నాన్నా అంతే. ఆ మిషన్ దగ్గరే నాన్న మెడ వెనక చెయ్యి పెట్టుకుని కూలబడ్డాడు. ఆసుపత్రిలో చేతికి బీపీ పట్టీ బిగిస్తుండగానే పోయాడు. పక్కనున్నది అన్నయ్యే. ఆ పట్టీ చూస్తే ఇప్పటికీ తనకి ముచ్చెమటలు పడతాయి.

తర్వాత అన్నయ్యకీ తమ్ముడికీ కూడా బీపీ వచ్చింది. డాక్టరమ్మ మాత్రలిచ్చి, కాసేపు జోరుగా పరుగెత్తి కాసేపు మెల్లగా నడవమంది. ఇద్దరూ రోజూ పొద్దున్నే మైదానం చుట్టూ తిరిగేవాళ్లు. కొన్ని నెలలకు తమ్ముడికి బాగా తగ్గింది, ఆవిడే మాత్ర మాన్పించింది. మా అన్నగారు పరీక్షకే వెళ్లకుండా తన మాత్రలూ మానేశాడు.

"ఒక్క కడుపున పుట్టాం, ఒక్క దారిన పరుగెత్తాం. వాడికి తగ్గితే నాకూ తగ్గినట్టే," అన్నాడు.

"వాడు అన్నం తింటే నీ కడుపు నిండుతుందా?" అన్నాను. నా నోరు ఊరుకోదు కదా. నవ్వేసి పోయాడు. నాకు మాత్రం కోపం కంటే భయమే ఎక్కువైంది.

ఓ మధ్యాహ్నం కౌంటర్లో చొక్కాలు సర్దుతూ తలెత్తాను. ఆవిరిలో నిలబడి అన్నయ్య మెడ వెనక రుద్దుకుంటున్నాడు. అచ్చం నాన్నే. నా పైప్రాణాలు పైనే పోయాయి. మిషన్ ఆపి, డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను. పట్టీ బిగుస్తున్నంతసేపూ కళ్లు మూసుకునే ఉన్నాడు. ఆవిడ ఒకటికి రెండుసార్లు చూసింది. బీపీ ఏమాత్రం తగ్గలేదు.

"ఒకే పరుగు అందరి మీదా ఒకేలా పనిచేయదు. కొంత పుట్టుకతో వచ్చిన జన్యువుల్ని బట్టి ఉంటుంది. అన్నదమ్ములైనా అన్నీ ఒకేలా రావు. పరుగు మానకండి, గుండెకి మంచిదే. మాత్ర మాత్రం మానకూడదు," అంది.

దారిలో అన్నయ్య మెల్లగా అన్నాడు. "పరుగెత్తుతుంటే వెనకాల నాన్న చెప్పుల చప్పుడు వినపడేదే. కాస్త జోరందుకుంటే ఆగిపోయేది. ఆయనకి పట్టిన గతి తప్పించుకున్నాననుకున్నా."

ఇంటికి రాగానే మాత్ర చేతిలో పెట్టాను. అక్కడే నిలబడి మింగాడు.

ఇప్పుడు రోజూ మింగుతున్నాడు, పరుగెత్తుతున్నాడు కూడా. బీపీ దిగుతోంది. అయినా పెడల్ చప్పుడు వినపడగానే తలెత్తుతాను. రెండు మెల్లగా, ఒకటి గట్టిగా. ఆవిరి తగ్గి, అది అన్నయ్య ముఖమేనని తేలేదాకా నాకు ఊపిరాడదు.